22ఏ లిస్టులో పడ్డ భూమి: ముందు ఏ అక్షరం కింద పెట్టారో చూడు తమ్ముడూ

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నా, తేడా ఉంటే చెప్పు. తెనాలి వైపు ఊళ్ళో ఎకరం ఇరవై సెంట్లు, మీ తాత 1974లో రిజిస్టర్ కాయితం మీద కొన్నాడు, అప్పట్నుంచి మీరే సాగు చేసుకుంటున్నారు, పాస్‌బుక్ మీ అమ్మగారి పేరు మీద ఉంది, ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే ఎవరి గొడవా కనపడలేదు, తీరా చెల్లెలి పెళ్ళికి అమ్ముదామని పోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కంప్యూటర్ చూసి ఇది 22ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉంది కుదరదు అన్నారు. ఎవరో బ్రోకర్ మూడు లక్షలిస్తే లిస్టులోంచి తీయిస్తానంటున్నాడు, మీ బాబాయేమో సివిల్ కోర్టులో దావా వేద్దాం అంటున్నాడు, నువ్వేమో హైకోర్టుకి పోదామా అంటున్నావు, చివర్న "ఇదేం చట్టం, మామూలోడికి న్యాయం ఉందా" అని కూడా అడిగావు. ఆ చివరి మాటకి కూడా చెప్తా, అది కోపంలో అన్న మాట కాదు, అసలు ప్రశ్నే అది.

గుంటూరు కోర్టులో నా ప్రాక్టీసు ముప్పై ఏళ్ళకి దగ్గర పడింది, అంతా సివిల్ వైపే. 22ఏ గొడవలు వారానికి ఒకటైనా వస్తాయి. వచ్చిన ప్రతివాళ్ళూ "22ఏలో ఉందంట సార్" అంటారు గానీ 22ఏలో ఎక్కడ అంటే తెల్లమొహం వేస్తారు. అక్కడే సగం కేసు పోతుంది.

22ఏ అనేది రిజిస్ట్రేషన్ చట్టం, అదే 1908 నాటి కేంద్ర చట్టానికి, మన రాష్ట్రం తగిలించుకున్న సెక్షను. దీనికి ఒక చరిత్ర ఉంది. మొదట 1999లో పెట్టారు, ప్రజా విధానానికి విరుద్ధమైన దస్తావేజులు అని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే వాటిని రిజిస్టర్ చేయకూడదు అన్నట్టు రాశారు. సరిగ్గా ఇట్టాంటి సెక్షనే రాజస్థాన్‌లో కూడా ఉంటే 2005లో సుప్రీంకోర్టు బసంత్ నహతా కేసులో కొట్టేసింది, ప్రజా విధానం అంటే ఏంటో చట్టంలో చెప్పకుండా ఆ పని ప్రభుత్వం చేతిలో పెట్టేస్తే ఎట్టా అని. దాంతో మన పాత సెక్షనూ నిలబడలేదు. అప్పుడు 2007లో కొత్తగా రాశారు, ఈసారి ఏ, బి, సి, డి, ఇ అని ఐదు క్లాజులు విడగొట్టి. ఇప్పుడు నడిచేది అదే.

ఏ అంటే ఏదో ఒక చట్టం అమ్మకాన్ని నిషేధించిన భూమి, అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకి పట్టా ఇచ్చినవి, సాధారణంగా ఇందులోకే వస్తాయి. బి అంటే ప్రభుత్వ భూమి. సి దేవాదాయ, వక్ఫ్ లాంటివి. డి సీలింగు (ఒకరికి ఇంతకు మించి భూమి ఉండకూడదనే) చట్టంలో మిగులుగా తేలినవి. ఇ ఒక్కటే వేరే రకం, ప్రభుత్వానికో లోకల్ బాడీకో ఇంకెవరికో ఆసక్తి ఉన్న ఆస్తులు అని చెప్పి గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి పెట్టేవి, కోర్టు అటాచ్‌మెంట్లో ఉన్నవి కూడా ఇందులోకే వస్తాయి. 2015 డిసెంబర్‌లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచి, వింజమూరి రాజగోపాలాచారి కేసులో, ఈ తేడా స్పష్టంగా చెప్పింది. మొదటి నాలుగింటికీ గెజిట్ అక్కర్లేదు, సంబంధిత అధికారి లిస్టు పంపితే చాలు. ఇ కి మాత్రం గెజిట్ లేకపోతే ఆ నిషేధం చెల్లదు. మా దగ్గర ఏదైనా ఇ క్లాజు కేసు వస్తే మొదట వెతికేది ఆ గెజిటే, లేకపోతే పని తేలిక.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా తీసి మీ ఊరు, సర్వే నెంబరు కొట్టి ఏ అక్షరం కింద ఉందో చూడటం. సబ్ డివిజన్ కూడా చూడు, ఎందుకంటే 112లో ఒక ముక్క అసైన్డ్ అయితే 112 మొత్తాన్ని లిస్టులో పెట్టేసిన సంగతులు నేను లెక్కలేనన్ని చూశా. మీది 112/3 అయ్యుండి గొడవ 112/1 ది అయితే ఇంత కథ లేదు, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) కాపీ, సబ్ డివిజన్ రికార్డు పెట్టి కలెక్టర్ గారికి అర్జీ పెడితే సరిపోవచ్చు.

రెండో పని, నోటితో కుదరదన్నారు కదా, దాన్ని రాతలోకి తెప్పించు. ఇది చాలామందికి తెలీదు. దస్తావేజు నిజంగా ప్రెజెంట్ చేసి, వాళ్ళు కాదంటే, రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షను ప్రకారం ఎందుకు కాదన్నారో కారణాలు రాయాలి, నువ్వు అడిగితే దాని కాపీ డబ్బులు తీసుకోకుండా ఇవ్వాలి. కంప్యూటర్ స్క్రీను చూపించి పంపించేస్తే అది ఉత్తర్వు కాదు, దాని మీద నువ్వు ఏ కోర్టుకి పోయినా ప్రభుత్వ ప్లీడరు లేచి "అసలు వాళ్ళు దస్తావేజే ఇవ్వలేదు" అంటాడు. ఇంకో సంగతి, రాతలో కాదన్న తర్వాత టైము నడుస్తుంది, రిజిస్ట్రార్ దగ్గర అప్పీలుకి 30 రోజులే. ఆ కాయితం తెచ్చుకుని బీరువాలో పెట్టుకుని సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అనుకోకు.

ఇప్పుడు మీ భూమి సంగతి. నువ్వు చెప్పిన దాన్నిబట్టి అసైన్డ్ అని మొదటి క్లాజు, అదే 'ఏ' అక్షరం కింద పెట్టుంటారు. మీ తాత కొన్నది 1974. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించిన చట్టం వచ్చింది 1977, ఆ జనవరి 21 నుంచి అమలు. "మరి చట్టం రాకముందే కొన్నాం కదా సార్" అని నువ్వు అనబోతున్నావు, అందరూ అదే అంటారు, కానీ ఆ చట్టం వెనక్కి కూడా వర్తిస్తుంది, 1977కి ముందు జరిగిన అమ్మకాల్ని కూడా చెల్లవంటుంది. అన్యాయంగా అనిపిస్తుంది గానీ ఎందుకట్టా రాశారో కూడా చూడాలి, పేదోడికి ఇచ్చిన రెండెకరాలు ఊళ్ళో పెద్దోళ్ళు సారాయికి, పుస్తెల తాడు అప్పుకి రాయించుకున్న రోజులవి, మా చిన్నప్పుడు మా ఊళ్ళోనే చూశా. ఆ చట్టం లేకపోతే ఇప్పుడు చాలామంది దళిత కుటుంబాల చేతిలో సెంటు కూడా ఉండేది కాదు. అందుకే ఈ చట్టాన్ని ఒక్క మాటతో తిట్టడం నాకు చేతకాదు.

అయితే ఆ చట్టంలోనే మీకు మూడు తలుపులున్నాయి, ఏది తెరుచుకుంటుందో కాయితాలు చూస్తేగానీ తెలీదు.

ఒకటి, అసైన్డ్ భూమి అంటే ఆ చట్టం నిర్వచనం ప్రకారం భూమిలేని పేదలకి, అమ్మకూడదు అనే షరతు పెట్టి ఇచ్చిన భూమి. ఆంధ్ర ప్రాంతంలో ఆ అమ్మకూడదనే షరతు వచ్చిందే 1954 జూన్ 18 నాటి జీవో 1142తో. దానికి ముందు ఇచ్చిన దరఖాస్తు పట్టాలకి, మనవాళ్ళు డీకేటీ అంటారే అవి, ఆ షరతు లేదు. మీ తాతకి అమ్మినవాడికి పట్టా 1950లో వచ్చిందనుకో, ఇక అది ఈ చట్టం కింద అసైన్డ్ భూమే కాదు, లిస్టులోంచి తీయాల్సిందే, హైకోర్టు ఎన్నోసార్లు అట్టాగే ఆర్డర్లిచ్చింది. మా దగ్గర గెలిచిన 22ఏ కేసుల్లో పెద్ద భాగం ఈ ఒక్క తేదీ మీద గెలిచినవే.

రెండు, పట్టా 1954 తర్వాతదే అయినా, 1977కి ముందు భూమిలేని పేదవాడు మంచి నమ్మకంతో డబ్బులిచ్చి కొని, చట్టం వచ్చిన రోజుకి సాగులో ఉంటే అతనికి ఈ నిషేధం వర్తించదని మూడో సెక్షను ఐదో సబ్ సెక్షన్లో ఉంది. మీ తాతకి అప్పటికి వేరే భూమి ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రాణం. ఇంట్లో పెద్దాళ్ళని నిజం అడుగు, కోర్టులో బయటపడే కంటే ముందే నాలాంటోడికి తెలిస్తే మంచిది.

మూడు, అసలు అసైన్‌మెంట్ జరిగిందనడానికి వాళ్ళ దగ్గర ఫైలుందా? ఇది ఎవరూ అడగరు. తహసీల్దార్ ఆఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టరు, ఆ డీకేటీ ఫైలు సర్టిఫైడ్ కాపీ ఇవ్వమని సమాచార హక్కు కింద అడుగు, మండలం స్థాయిలో ఫీజు 5 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "రికార్డు అందుబాటులో లేదు" అని జవాబొస్తే బాధపడకు, ఆ కాయితం నీకు మూడు లక్షల బ్రోకర్ కంటే ఎక్కువ పనికొస్తుంది. ఒక మండలంలో నా క్లయింటు ఒకావిడ, మిర్చి కూలి, ఎనభై సెంట్లు, ఇట్టాగే అడిగితే ఫైలు చెదలు పట్టిపోయిందని రాసిచ్చారు. రిట్‌లో, అంటే అధికారుల తప్పు మీద హైకోర్టులో వేసే పిటిషన్లో, ఆ ఒక్క కాయితం ముందు పెట్టాం, ఏ ఆధారంతో లిస్టులో పెట్టారో చూపించమని కోర్టు అడిగింది, చూపించలేకపోయారు.

దీంతోపాటు సెటిల్‌మెంట్ నాటి ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల పాత లెక్క), ఆర్ఎస్ఆర్ (రీసెట్టిల్‌మెంట్ రిజిస్టరు) కాపీలు తీయించు. ఆర్ఎస్ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు ఉంటే అది ఇంకో కథ, చుక్కల భూమి అంటారు. బ్రిటిషోడి కాలంలో రీసెట్టిల్‌మెంట్ చేసిన గుమాస్తా ఎవరిదో తేలక చుక్కలు పెట్టి వదిలేస్తే వందేళ్ళ తర్వాత ఆ చుక్కలు పట్టుకుని ఇది ప్రభుత్వానిదేమో అని మనవలకి రిజిస్ట్రేషన్ ఆపారు. దానికి 2017లో విడిగా చట్టం తెచ్చారు, 12 ఏళ్ళ స్వాధీనం చూపిస్తే సరిచేసేట్టు. 2023లో ప్రభుత్వం రెండు లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీశామని ప్రకటించింది కూడా. మీది ఆ రకం అయితే ఆ దారి చూద్దాం.

ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకి అమ్ముకునే హక్కు ఇచ్చారు కదా అని ఎవరన్నా అంటారు. 2023లో సవరణ వచ్చిన మాట నిజం, కానీ 2024లో ప్రభుత్వం మారాక అట్టా ఫ్రీహోల్డ్ చేసిన, అంటే అమ్ముకునే హక్కు ఇచ్చిన, భూముల మీద విచారణ పెట్టి రిజిస్ట్రేషన్లు ఆపారు. పైగా అది అసలు అసైనీకి, అతని వారసులకి ఇచ్చిన హక్కు, మీలా కొన్నవాళ్ళకి కాదు. దాని మీద ఆశ పెట్టుకుని పెళ్ళి ముహూర్తం పెట్టుకోవద్దు.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న, న్యాయం ఉందా అని.

నా దృష్టిలో 22ఏ లో తప్పు నిషేధం పెట్టడం కాదు. గుడి మాన్యం, చెరువు పోరంబోకు, పేదోడి పట్టా రాత్రికి రాత్రి రిజిస్టర్ అయిపోకుండా ఏదో ఒక అడ్డం ఉండాలి, లేకపోతే విజయవాడ చుట్టుపక్కల ఒక్క చెరువు మిగిలేది కాదు. తప్పు ఎక్కడంటే రుజువు బరువు ఎవరి నెత్తిన పెట్టారు అన్న దగ్గర. లిస్టు పంపేది ప్రభుత్వం, నీకు నోటీసు లేదు, విచారణ లేదు, నువ్వు అమ్ముకోబోయిన రోజు తెలుస్తుంది, తెలిశాక ఇది ప్రభుత్వానిది కాదని నువ్వు నిరూపించుకోవాలి, దేంతో నిరూపించాలి అంటే వాళ్ళ ఆఫీసులోనే పోయిన రికార్డుతో. పోలీసోడు దారిలో ఆపి ఈ సైకిల్ నీది కాదేమో, నాదే అనిపిస్తుంది, కాదని నువ్వే నిరూపించు అన్నట్టు.

దీని మీద సుప్రీంకోర్టు 1982లోనే మన రాష్ట్రం కేసులో చెప్పింది. తుమ్మల కృష్ణారావు కేసు. హైదరాబాద్ హబ్సిగూడలో ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించిన భూమి అని చెప్పి, దశాబ్దాలుగా అందులో ఉన్నవాళ్ళని 1905 నాటి ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు నోటీసుతో ఖాళీ చేయించబోయారు. కోర్టు ఏమందంటే, హక్కు ఎవరిదన్నదే నిజమైన గొడవైనప్పుడు ఇది మాదే అని ప్రభుత్వం తనకి తానే తీర్పు చెప్పుకుని జనాన్ని బయటికి తోయలేదు, సివిల్ కోర్టుకి పోయి తేల్చుకోవాల్సింది ప్రభుత్వమే అంది. ఇప్పటికీ మేం ప్రతి రిట్‌లో రాసే కేసు ఇది. 22ఏ చేసేది సరిగ్గా దానికి రివర్సు, మనిషిని భూమిలోంచి తోయకుండానే ఆ భూమిని చేతిలో చెల్లని నోటు చేసి పెడుతుంది, ఇక కోర్టుకి పోవాల్సింది నువ్వు. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి పోయినా 300ఏ అధికరణం ఉంది, చట్టబద్ధంగా తప్ప ఆస్తి తీసుకోకూడదని. అమ్ముకోలేని ఆస్తి ఉన్నట్టా లేనట్టా?

మొన్నటి ల్యాండ్ టైట్లింగ్ చట్టం గొడవ కూడా నీకు గుర్తుండే ఉంటుంది, దాంట్లోనూ ముడి ఇదే. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో టోరెన్స్ అనే ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది, రిజిస్టర్లో పేరుంటే హక్కు గ్యారంటీ, ప్రభుత్వమే పూచీ. ఆలోచన మంచిదే. మన దగ్గర 2022లో చట్టం చేసి 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి తెచ్చారు. హక్కు తేల్చేది టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసరు, రికార్డులో ఎక్కాక రెండేళ్ళలో అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం, సివిల్ కోర్టు జోక్యం లేదు. విజయవాడ, గుంటూరు బార్లతో సహా లాయర్లం కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కాం. అప్పుడు జనం మమ్మల్ని, "మీ ఫీజులు పోతాయని కదా ఏడుపు" అన్నారు. అందులో కొంత నిజం లేదని నేను అబద్ధం చెప్పను, మా పొట్ట కూడా అందులో ఉంది. సివిల్ దావా పదిహేనేళ్ళు నడిపే వ్యవస్థలో మేమూ భాగమే. కానీ దుబాయ్‌లో పనికి పోయినోడికి, అడంగల్ అంటే తెలియని ముసలమ్మకి రెండేళ్ళలో అభ్యంతరం చెప్పకపోతే పోయినట్టే అంటే ఎట్టా? తప్పు ఎక్కించిన రెవెన్యూ ఆఫీసే తప్పు అవునో కాదో చూస్తానంటే ఎట్టా? 2024 ఎన్నికల్లో అదే పెద్ద చర్చైంది, గెలిచాక జూన్ 13న చంద్రబాబు గారు పెట్టిన మొదటి సంతకాల్లో ఒకటి దాని రద్దు మీదే, జులైలో అసెంబ్లీ రద్దు బిల్లు పాస్ చేసింది. చట్టం పోయింది, అంతా పండగ చేసుకున్నారు, 22ఏ సెక్షను మాత్రం అట్టాగే ఉంది. అధికారంలో ఉన్నోడికి అది పనికొచ్చే ఆయుధం మరి.

(మధ్యలో ఒక మాట, మన గుంటూరు ఒకప్పుడు హైకోర్టు ఊరు, తెలుసా? ఆంధ్ర రాష్ట్రానికి 1954 నుంచి 1956 దాకా హైకోర్టు ఇక్కడే, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఆ తర్వాత ఆయనే సుప్రీంకోర్టులో 1967 గోలక్‌నాథ్ తీర్పు చెప్పింది, అదీ భూమి గొడవే. అప్పుడు గుంటూరు రైతు హైకోర్టుకి నడిచి పోయేవాడు. మధ్యలో అరవై ఏళ్ళు హైదరాబాద్ బండెక్కాం. 2019 నుంచి అమరావతిలో పెట్టాక నేలపాడు దగ్గరే గాబట్టి నీలాంటోళ్ళకి కనీసం రైలు ఖర్చు తగ్గింది.)

సరే, ఏ కోర్టు అన్నది. మీ బాబాయి చెప్పిన సివిల్ దావా ఇప్పుడే వద్దు. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి, ఆ తర్వాత ఎన్నేళ్ళో నేను చెప్పలేను, మీ చెల్లెలి పిల్లల పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి. హక్కు మీదే నిజంగా తగువు ఉంటే, అంటే వేరే మనిషి వచ్చి నాది అంటే, అప్పుడు దావా తప్పదు. మీకు ఎదురుగా ఉన్నది ఒక లిస్టు మాత్రమే, మనిషి కాదు, అందుకని ముందు కలెక్టర్ గారికి కాయితాలన్నీ జతచేసి అర్జీ, రసీదు తీసుకో, సోమవారం గ్రీవెన్సులో ఇచ్చినా సరే నెంబరు ఉండాలి. ఒకటి రెండు నెలలు చూసి కదలకపోతేనో, కాదంటేనో అప్పుడు రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టులో రిట్. అర్జీ పెట్టకుండా నేరుగా రిట్ వేస్తే చాలాసార్లు "ముందు అధికారి దగ్గరికి పోండి" అని పంపిస్తారు, లేదా అర్జీని ఇన్ని వారాల్లో తేల్చమని ఆర్డరిస్తారు, రెండు మూడు నెలలు అట్టా పోతాయి. ఆర్డరొచ్చాక కూడా అమలు చేయకపోతే కోర్టు ధిక్కారం వేయొచ్చు, కానీ దానికి ఏడాదే గడువు, ఆర్డరు ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకున్నవాళ్ళని కూడా చూశాను.

ఖర్చు సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్తా. భూమి మీ అమ్మగారి పేరు మీద ఉందన్నావు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఎస్సీ ఎస్టీలకి కూడా అంతే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టుకుంటే లాయరుని ఇస్తారు, హైకోర్టులో కూడా విడిగా కమిటీ ఉంది. ఉచితం కదా ఎవరో కుర్ర లాయరుని ఇస్తారు అని మొహం మాడ్చుకోకు, కాయితాలు నువ్వు సరిగ్గా సర్ది ఇస్తే 22ఏ రిట్ కుర్రాడైనా వాదిస్తాడు, ఇందులో గెలిచేది గొంతు కాదు.

ఆ బ్రోకర్ని మాత్రం వదిలెయ్. లిస్టులోంచి దొడ్డిదారిన తీయించిన నెంబర్లు ఆడిట్‌లో మళ్ళీ ఎక్కిన సందర్భాలున్నాయి, అప్పటికి నువ్వు అమ్మేసుంటావు, కొన్నవాడు వచ్చి నీ గుమ్మం ముందు కూర్చుంటాడు, చీటింగ్ కేసు నీ మీద. కొనేవాడి దగ్గర అడ్వాన్సు ఇప్పటికే తీసుకుని ఉంటే అగ్రిమెంటులో 22ఏ సంగతి రాయించు, దాచకు.

ముందు ఆ అక్షరం ఏదో చూడు, ఫెయిర్ అడంగల్‌కి, డీకేటీ ఫైలుకి అర్జీలు ఈ వారమే పెట్టు. కాపీ చేతికొచ్చాక మీ సర్వే నెంబరు ఎదురుగా ఏం రాసుందో, పట్టా తేదీ ఏముందో పేర్లు కనపడకుండా చేసి ఇక్కడే పెట్టు. ఆ తేదీ 1954 జూన్‌కి ఇవతలా అవతలా అన్నది చూశాకే మిగతాది చెప్తా.